పాఠకుల ప్రశ్నలు: 2041 దాకా ప్లాన్ ఉందిగా, మళ్ళీ ఇంకోటా?

పోయిన సంచికలో హైదరాబాద్ రవాణా ప్రణాళికని సవరించే పని గురించి రెండు పేజీలు రాశాను. దానికి ఉత్తరాలు, ఈమెయిళ్ళు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కలిపి బాగానే వచ్చాయి. కొన్నింట్లో ప్రశ్న కంటే తిట్లే ఎక్కువ, అయినా వాటిల్లోంచి కూడా ప్రశ్న ఏరుకున్నాను. పాతికేళ్ళు ట్రాఫిక్ సర్వేల్లో, ప్లాన్లలో పనిచేసి బయటికొచ్చినవాణ్ణి కాబట్టి మా వృత్తిలో ఉన్న లొసుగులు దాచిపెట్టే అవసరం నాకు లేదు.

*

ప్రశ్న: సార్, 2011లో సర్వే మొదలుపెట్టి 2041 దాకా సరిపోయే ప్లాన్ వేశామన్నారు. సగం కాలం గడిచీ గడవకముందే మళ్ళీ కొత్తది అంటున్నారు. పాతదాన్ని అమలు చెయ్యకుండా కొత్తది రాయడం కన్సల్టెంట్లని మేపడానికి కాకపోతే ఎందుకు?
– ఒక రిటైర్డ్ టీచర్, రామంతాపూర్

మాస్టారూ, మీ అనుమానం సగం నిజం. ఆ సగం సంగతి చివర్లో చెప్తాను, ముందు మిగతా సగం.

2041 అని రాశారంటే అప్పటిదాకా ఆ ప్లాన్ చెల్లుతుందని కాదు. అప్పటికి జనం ఎంతమంది ఉంటారు, ఎక్కడ కాపురం ఉంటారు, ఎక్కడ పనిచేస్తారు, దేని మీద తిరుగుతారు అని కొన్ని అంచనాలు పెట్టుకుని, అవి నిజమైతే ఏ రోడ్డు మీద ఎంత రద్దీ ఉంటుందో లెక్క కట్టడం, అంతే. అంచనా తారుమారైతే లెక్క కూడా మళ్ళీ వెయ్యాలి. ఇంటి బడ్జెట్ వేసుకున్నాక ఉద్యోగం మారితే పాత కాగితమే పట్టుకుని కూర్చోం కదా.

2011లో ఊరు ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. మెట్రో లేదు, మొదటి రైలు 2017 నవంబరులో కదిలింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అప్పటికి పూర్తి కాలేదు. రాష్ట్రం ఒకటే. ఫోన్‌లో క్యాబ్ పిలవడం, ముక్కూ మొహం తెలియని కుర్రాడి బైకు వెనకాల కూర్చుని ఆఫీసుకెళ్ళడం మన ఊహలో కూడా లేవు. బిర్యానీ కావాలంటే మనమే వెళ్ళి లైన్లో నిలబడేవాళ్ళం, ఇప్పుడు మన బదులు డెలివరీ కుర్రాడు రోజుకి ఎన్నిసార్లు మన గల్లీలోకి వచ్చి పోతున్నాడో చూడండి, ఆ రాకపోకలు పాత లెక్కలో ఏ గడిలోనూ లేవు. 2020లో ఇంట్లోంచే ఆఫీసు పని మొదలైంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. రాకపోకల్ని లెక్కకట్టే ఏ కంప్యూటర్ మోడల్లోనైనా బస్సు చార్జీ అన్నది ముఖ్యమైన అంకె, దాన్ని సగం జనాభాకి సున్నా చేసేశాక ఎవరు బస్సెక్కుతారు, ఎవరు మెట్రో దిగిపోతారు, ఎవరు అసలు కొత్తగా గడప దాటుతారు అన్నవన్నీ మొదటికొస్తాయి.

అంచనాలు ఎంత దూరం పోతాయో మెట్రోలోనే చూడొచ్చు. మొదటి దశలో రోజుకి 15 లక్షల మంది ఎక్కుతారని లెక్కలు వేశారు. 69 కిలోమీటర్లు పూర్తయ్యాక కూడా ఎక్కుతున్నది దాదాపు 5 లక్షలు. కోవిడ్ దెబ్బ ఉంది, పాతబస్తీ ముక్క వెయ్యకపోవడం ఉంది, స్టేషన్ దిగాక ఇంటికి చేరడానికి ఆటోవాడితో బేరం ఉంది, కానీ అంత తేడా ఉన్న అంకె పునాదిగా పెట్టుకుని 2041 దాకా మేడ కడతామంటే నేనైతే ఒప్పుకోను.

ఇంకో చిక్కు జనాభా లెక్క. ఇప్పుడు ప్లాన్ రాసేవాళ్ళ చేతిలో జనగణనలో తేలిన జనాభా అంకె 2011దే, హైదరాబాద్ నగర సముదాయానికి అది 77 లక్షల చిల్లర. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి పడి 2027కి వెళ్ళింది. ఈలోగా ఓటర్ల జాబితాలు, కరెంటు మీటర్లు చూసి జనాన్ని ఊహించుకోవాల్సిందే. కాబట్టి 2027 లెక్కలు చేతికొచ్చాక ఇప్పుడు రాస్తున్నదాన్ని కూడా మళ్ళీ సవరించాలి, అప్పుడు మళ్ళీ నాకు ఇదే ఉత్తరం రాయకండి.

ఇక మీ సగం. 2017లో కేంద్రం మెట్రో విధానం తెచ్చినప్పుడు, డబ్బు సాయం కావాలంటే ముందు నగరానికి సమగ్ర రవాణా ప్రణాళిక ఉండాలి, మెట్రో కాకుండా వేరే మార్గాలు ఏమున్నాయో పోల్చి చూపించాలి అని షరతు పెట్టింది. షరతు మంచిదే. కానీ చాలా ఊళ్ళలో జరిగేది ఏమిటంటే, ఏ రూటులో మెట్రో వెయ్యాలో ముందే తేలిపోయి ఉంటుంది, తర్వాత దానికి తగ్గ ప్లాన్ తయారవుతుంది. పెళ్ళి కుదిరి శుభలేఖలు పంచేశాక జాతకాలు చూపించినట్టు. అందుకే కొత్త ప్లాన్ చేతికి రాగానే చివరి పేజీలో ప్రాజెక్టుల పట్టిక చూడకండి, మొదట్లో పాత ప్లాన్‌కి ఏమైందో రాశారా లేదా చూడండి. అందులో లేకపోయినా కట్టేసినవి ఎన్ని అన్నది మరీ అడగండి, అక్కడే అసలు కథ ఉంటుంది.

*

ప్రశ్న: మా అపార్ట్‌మెంటుకి ఇద్దరు కుర్రాళ్ళు ట్యాబ్ పట్టుకొచ్చి నిన్న ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్ళారు, ఎన్నింటికి, ఏ బండి మీద, నెలకి ఆదాయం ఎంత అని అడిగారు. మావారికి అనుమానం వచ్చి తలుపేసేశారు. ఇది నిజం సర్వేనా, సైబర్ మోసమా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

తలుపేసినందుకు మీవారిని తప్పు పట్టనండి, రోజులు అలా ఉన్నాయి. గుర్తింపు కార్డు, సర్వే చేయించే శాఖ ఇచ్చిన ఉత్తరం చూపించమనాలి, మీ అసోసియేషన్ వాళ్ళ చేత ఒక ఫోన్ కొట్టించి నిర్ధారించుకోవాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ అడిగారంటే అది ట్రాఫిక్ సర్వే కాదు, మళ్ళీ తలుపేసేయండి.

కానీ మీరు రాసిన ప్రశ్నలు మాత్రం అసలైన సర్వేలో అడిగేవే. ‘నిన్న’ అని ఎందుకంటే, మామూలుగా ఎక్కడికెళ్తారు అని అడిగితే మనిషి తన గురించి తను అనుకునేది చెప్తాడు, నిన్న ఏం చేశావంటే చేసింది చెప్తాడు. ఆదాయం ఎందుకంటే, బస్సెక్కేదెవరో కారు తీసేదెవరో తేల్చేది ఎక్కువగా అదే. రూపాయలతో సహా చెప్పక్కర్లేదు, ఇంత నుంచి ఇంత లోపు అంటే చాలు.

నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు మలక్‌పేట వైపు ఒక గల్లీలో జరిగింది చెప్తాను. ఇంటాయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని మా కుర్రాడికి జవాబులు చెప్తున్నాడు. పొద్దున తొమ్మిదికి స్కూటర్ మీద ఆఫీసుకి, సాయంత్రం ఏడుకి ఇంటికి, రెండు ట్రిప్పులు. మరి మీ ఆవిడ అంటే, ఆవిడ ఎక్కడికెళ్తుందయ్యా, ఇంట్లోనే ఉంటుంది, సున్నా వేసుకో అన్నాడు. ఆ మాట అంటుండగానే ఆవిడ ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో పిల్లాడి స్కూలు బ్యాగు పట్టుకుని గేటు తీసుకుని లోపలికొచ్చింది. నేను నవ్వు ఆపుకుని, అమ్మా, నిన్న మీరెక్కడెక్కడికి వెళ్ళారని అడిగాను. పిల్లాణ్ణి స్కూలుకి దింపి రావడం, పాల బూతు, అత్తగారిని షేర్ ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి తీసుకురావడం, మధ్యలో టైలర్ దగ్గర ఆగడం, మళ్ళీ పిల్లాడి కోసం స్కూలు, దారిలో కూరలు. రాస్తే ఆయనవి రెండు, ఆవిడవి తొమ్మిది. ఆయన కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

సున్నా వేసి ఉంటే ఏమయ్యేది? ఆ తొమ్మిదింట్లో ఎక్కువ నడక, మిగతావి షేర్ ఆటో. ఇలాంటివి వేల ఇళ్ళలో రాలిపోతే ప్లాన్ కళ్ళకి ఊరంతా పొద్దున హైటెక్ సిటీ వైపు పరిగెత్తి సాయంత్రం వెనక్కొచ్చే మగవాళ్ళతోనే కనబడుతుంది, డబ్బంతా ఆ దారిలో ఫ్లైఓవర్లకే పోతుంది. అప్పటినుంచి మా టీమ్‌కి ఒక రూల్ పెట్టాను, ఎవరి ట్రిప్పులు వాళ్ళ నోటితోనే చెప్పాలి. దానివల్ల రోజుకి అయ్యే ఇళ్ళు తగ్గాయి, పైవాళ్ళు విసుక్కున్నారు, అది వేరే కథ.

ఇంకో సంగతి, అపార్ట్‌మెంట్లలో సర్వే చేసేటప్పుడు ఫ్లాట్ల జాబితా అసోసియేషన్ దగ్గర తీసుకుంటారు. అందులో వాచ్‌మన్ గది ఉండదు. సెల్లార్లో నలుగురున్న సంసారం, ఆ ఇల్లాలు నాలుగు ఫ్లాట్లలో పని చేసి వస్తుంది, భర్త అందరి పనుల మీదా బజారుకి తిరుగుతాడు, లెక్కలో మాత్రం లేరు. కుర్రాళ్ళు మళ్ళీ వస్తే మీరే కూర్చుని చెప్పండి, పోతూ పోతూ కింద వాచ్‌మన్ గది తలుపు కూడా కొట్టమనండి.

*

ప్రశ్న: అందరి ఫోన్లలో లొకేషన్ ఆన్‌లోనే ఉంటుంది కదా, ఇంకా ఈ ఇంటింటి సర్వేలు ఎందుకు అంకుల్?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ముషీరాబాద్

ఫోన్ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చెప్తుంది బాబూ, ఎందుకు కదిలిందో చెప్పదు. అదే రోడ్డు మీద అదే వేగంతో పోతున్న ఫోన్ బస్సులో ఉందో బస్సు పక్కనే ఉన్న కారులో ఉందో కచ్చితంగా తేల్చడం కష్టం. ఇంటికి ఒకటే ఫోన్ ఉన్నచోట అది ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న ఎలాగూ ఉంది. బయటికెళ్ళాలనుకుని బస్సు దొరక్క మానుకున్న మనిషి ఫోన్ అసలు కదలనే కదలదు. రెండూ వాడాలి. ఫోన్ డేటాతో పెద్ద బొమ్మ, ఇంటి సర్వేతో దానికి అర్థం.

*

ప్రశ్న: మా వైపు ఫ్లైఓవర్ తెరిచిన కొత్తలో ఆఫీసుకి పది నిమిషాలు ముందే చేరేవాణ్ణి. ఇప్పుడు పైన రెండు నిమిషాల్లో దాటేస్తున్నా కానీ దిగే చోట పావుగంట ఇరుక్కుంటున్నా. లెక్క ఎక్కడ తప్పింది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షేక్‌పేట

లెక్క తప్పలేదు, సగమే వేశారు. ఫ్లైఓవర్ ఒక సిగ్నల్‌ని తీసేస్తుంది, అక్కడ ఆగాల్సిన బండ్లు తర్వాతి సిగ్నల్‌కి ముందుగా, గుంపుగా చేరతాయి. అదీకాక రోడ్డు ఖాళీ అయిందని తెలియగానే జనం ఊరుకోరు. రద్దీకి జడిసి ఏడింటికే బయల్దేరేవాడు ఎనిమిదిన్నరకి లేస్తాడు, మెట్రోలో వెళ్ళేవాడు కారు తీస్తాడు, ఇల్లు కొనేవాడు పది నిమిషాలేగా అని ఇంకో ఆరు కిలోమీటర్లు అవతల కొంటాడు. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1962లోనే ఈ మాట చెప్పాడు. హ్యూస్టన్‌లో మనవాళ్ళు చాలామంది ఉండే కేటీ వైపు ఫ్రీవేని 2008 నాటికి వెడల్పు చేశారు, పక్క సర్వీసు రోడ్లతో కలిపితే కొన్నిచోట్ల 26 లేన్లు. కొన్నేళ్ళు తిరక్కుండానే పీక్ అవర్లో ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది. మీరు ఆరు లేన్ల ఫ్లైఓవర్ మీద ఆశలు పెట్టుకున్నారు.

అసలు లోపం మేం లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది. జంక్షన్లో బండ్లు లెక్కపెట్టేటప్పుడు అన్నింటినీ కార్లలోకి మారుస్తాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 పట్టిక ప్రకారం కారు 1 అయితే, రోడ్డు మీద బస్సులు లారీలు తక్కువగా ఉన్నచోట బస్సు 2.2, వాటి వాటా పది శాతం దాటితే 3.7. మోటార్ సైకిల్ అర, లేదా ముప్పావు. అంటే ఆ కాగితం మీద బస్సు రెండు మూడు కార్లంత అడ్డం. మరి లోపల అరవై మంది నిలబడీ కూర్చునీ ఉన్నారే, వాళ్ళు ఏ గడిలోనూ ఉండరు. ఆ అరవై మందే కారుకి ఒకటిన్నర మంది చొప్పున వస్తే నలభై కార్లు, మీరు దిగే చోట ఇరుక్కున్న లైను పొడుగు దాదాపు అదే. బండ్లని లెక్కపెట్టినంతకాలం ప్రతి ప్లాన్‌లోనూ జవాబు ఫ్లైఓవరే వస్తుంది, మనుషుల్ని లెక్కపెడితే ముందు ఆ రోడ్డులో ఒక లేను బస్సుకి ఇవ్వమని వస్తుంది. అది కట్టడానికి కాంక్రీటు పెద్దగా అక్కర్లేదు, శంకుస్థాపనకి శిలాఫలకం ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు, అందుకే ఎవరికీ నచ్చదనుకుంటా.

బస్సుల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన కొలమానం ప్రకారం వెయ్యి మందికి 0.6 బస్సు ఉంటే మంచి సేవ, అంటే కోటి మందికి ఆరు వేలు. హైదరాబాద్‌లో దానికి సగం దరిదాపుల్లోనే ఉన్నాం. 2019 సమ్మె తర్వాత సిటీలో ఉన్నవాటినే తగ్గించారు, నాలుగేళ్ళకి ఆడవాళ్ళకి టికెట్ తీసేసి జనాన్ని పెంచారు. మీ బస్టాప్‌లో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని చూసి మీరు కారు కొన్నారేమో, నాకు తెలియదు.

*

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇక్కడ కొన్నేళ్ళకోసారి మొబిలిటీ ప్లాన్ అప్‌డేట్ అంటూ పబ్లిక్ మీటింగ్ నోటీసు వస్తుంది. మనవైపు ఇలా ఎందుకు ఉండదండీ?
– ఒక పాఠకురాలు, టెక్సస్

చట్టం అలా ఉంది కాబట్టి మీకు వస్తుందమ్మా. అమెరికాలో ప్రతి మహానగర ప్రాంతం కనీసం ఇరవై ఏళ్ళకి రవాణా ప్లాన్ వేసుకోవాలి, గాలి నాణ్యత సరిగ్గా లేని ప్రాంతాలు నాలుగేళ్ళకోసారి, మిగతావి అయిదేళ్ళకోసారి దాన్ని సవరించాలి, లేకపోతే కేంద్రం డబ్బు చిక్కుల్లో పడుతుంది. మీ డాలస్‌కి ఓజోన్ సమస్య ఉంది, అందుకే నాలుగేళ్ళ లెక్క. అక్కడి పన్నెండు కౌంటీల మండలి 2018లో ‘మొబిలిటీ 2045’ ఆమోదించింది, 2022లో సవరించింది, 2025లో ‘మొబిలిటీ 2050’ వచ్చింది.

నాకు మీటింగుల కంటే ఎక్కువ నచ్చేది ఇంకో నియమం. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో సహేతుకంగా చూపించలేని ప్రాజెక్టుని అమలు చేసే జాబితాలో పెట్టకూడదు. కోరికలుంటే వేరే అనుబంధంలో రాసుకోవచ్చు. మన ప్లాన్లకి ఆ ఒక్క నియమం పెడితే చాలా పేజీలు రాలిపోతాయి, మిగిలినవాటిని జనం నమ్ముతారు.

అలాగని అక్కడంతా బంగారమని కాదు. అన్ని ప్లాన్లు, అన్ని మీటింగులు అయ్యాక కూడా మీ ఫ్రిస్కో డాలస్ రైళ్ళు బస్సులు నడిపే డార్ట్ సంస్థలో సభ్యత్వమే తీసుకోలేదు, పాల ప్యాకెట్‌కి కూడా కారు తియ్యాల్సిందే కదా. ఈసారి నోటీసు వస్తే వెళ్ళి ఆ మాట మైకులో అనండి. మూడు నిమిషాలిస్తారు, ఒక నిమిషం చాలు.

*

ప్రశ్న: మా ఇంటి ప్రహరీ లోపల పది అడుగులకి ఎర్ర పెయింట్‌తో గీత గీసి వెళ్ళారు. అడిగితే ప్లాన్‌లో వంద అడుగుల రోడ్డు అన్నారు. పద్దెనిమిదేళ్ళ క్రితం కట్టిన ఇల్లు. టెన్షన్‌తో నిద్ర లేదు.
– ఊరు పేరు వెయ్యొద్దన్నారు

ఏ ప్లాన్ అన్నది ముందు తేల్చుకోండి. రవాణా ప్రణాళికలో ఇక్కడ వంద అడుగులుంటే బాగుంటుందని రాస్తే అది మన దగ్గర సాధారణంగా సలహా మాత్రమే. మాస్టర్ ప్లాన్‌లో ఉంటే దానికి చట్టబలం ఉంటుంది, పర్మిషన్లు దాన్ని బట్టే ఇస్తారు. గీత గీసినంత మాత్రాన రెండింటిలోనూ భూసేకరణ అయిపోయినట్టు కాదు. కాగితం మీద నోటీసు రావాలి, ఎంత స్థలం, ఏ సర్వే నంబరు, పరిహారం ఏ పద్ధతిలో అన్నవి అందులో ఉండాలి. మీ రోడ్డుకి ఆమోదించిన వెడల్పు ఎంత, దాని నకలు ఇవ్వండి అని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఇంటి కాగితాలు, పాత పర్మిషన్ ప్లాన్, పన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టుకోండి.

పరిహారం డబ్బుగా కాకుండా టీడీఆర్ సర్టిఫికెట్‌గా, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా ఇంకొకరికి అమ్ముకునే హక్కుగా ఇస్తామంటే, అది అమ్ముడుపోతుందా, ఎంతకి పోతుందో బయట విచారించుకోకుండా సంతకం చెయ్యొద్దు. మంచి లాయర్‌కి ఒక పూట ఫీజు ఇచ్చి చూపించుకోవడం దండగ కాదు. అంతవరకూ ప్రహరీకి కొత్త రంగులూ గ్రానైటూ వద్దు.

*

ప్రశ్న: మెట్రో వస్తుంది, ప్లాన్‌లో ఉంది అని మ్యాప్ చూపిస్తే ఘట్‌కేసర్ అవతల వెంచర్లో ప్లాటు కొన్నాం. ఎప్పుడొస్తుంది?
– ఇద్దరు అన్నదమ్ములు, బోడుప్పల్

ఆ మ్యాప్ ఎవరు గీశారో అడిగారా? ప్లాన్‌లో గీత, దాని మీద వివరమైన ప్రాజెక్టు నివేదిక, రాష్ట్రం ఆమోదం, కేంద్రం ఆమోదం, డబ్బు, టెండరు, భూమి, ఇన్ని గుమ్మాలు దాటితే గానీ రైలు రాదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు మొదటి దశలోనే ఉంది, ఒప్పందంలో ఉంది, అంకెలతో సహా ఉంది. 2020 ఫిబ్రవరిలో మిగతా మొదటి దశ అంతా పూర్తయినా ఆ ముక్క మాత్రం పడలేదు. సంతకాలైన అయిదున్నర కిలోమీటర్ల గతే అది. బ్రోషర్లో గీతని నమ్మి ఈఎంఐలు పెంచుకోకండి తమ్ముడూ, ఈలోగా ఆ రూటుకి నాలుగు బస్సులు వెయ్యమని అడగండి, అది ఈ ఏడాదే జరగొచ్చు.

*

ప్రశ్న: వైజాగ్‌లో బీఆర్‌టీఎస్ అన్నారు, లైట్ మెట్రో అన్నారు, ఇప్పుడు మెట్రో అంటున్నారు. మాకూ ప్లాన్ అప్‌డేట్ అవుతోందా, పేర్లు మారుతున్నాయా?
– గాజువాక పాఠకుడు

పేర్లు మారినంత వేగంగా లెక్కలు మారవండి. మీ ఊరి సంగతి హైదరాబాద్‌తో పోల్చకూడదు. హైదరాబాద్ పళ్ళెంలా అన్ని వైపులకీ పరుచుకుంది, విశాఖ ఒకవైపు సముద్రం ఇంకోవైపు కొండలు ఉండబట్టి పొడుగ్గా సాగింది. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ, అంతా ఒకటే వెన్నెముక, అదే జాతీయ రహదారి, దాని మీదే ఊరి బండ్లు, దాని మీదే లారీలు. అందుకే ప్రతిపాదించిన మొదటి దశ మెట్రో 46.23 కిలోమీటర్లలో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా ఒక్క లైనే 34 దాటింది.

బీఆర్‌టీఎస్‌ని, అంటే బస్సులకి విడిగా దారి వేసే పద్ధతిని, నగరాల కోసం కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం డబ్బుతో పెందుర్తి వైపు, సింహాచలం వైపు మొదలుపెట్టారు. బస్సుకి విడిగా దారి ఉంటే సరిపోదు, ఆ దారి ఒక చివర నుంచి ఇంకో చివరకి తెగకుండా ఉండాలి, అందులో వేరే బండి దూరకుండా ఎవరో ఒకరు చూడాలి, బస్సు అయిదు నిమిషాలకొకటి రావాలి. వీటిలో ఏది తగ్గినా మీకు మిగిలేది వెడల్పాటి రోడ్డే, ఇప్పటికీ దాన్ని అందరూ బీఆర్‌టీఎస్ రోడ్డనే అంటారు, బస్సు వ్యవస్థ అని ఎవరూ అనరు.

మీరు అడగాల్సినవి నా లెక్కలో రెండు. విమానాశ్రయం ఎన్ఏడీ పక్క నుంచి భోగాపురానికి మారితే ఊరి రాకపోకల బరువు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది, అది ఏ ఏడాది అంకెలతో లెక్కేశారు? పోర్టు లారీలు, కంటైనర్లు ఏ గంటలో ఏ దారిలో పోవాలో ప్లాన్‌లో అధ్యాయం ఉందా? గాజువాకలో పొద్దున ఎనిమిదింటికి స్కూలు ఆటో పక్కన కంటైనర్ లారీ నిలబడి ఉండటం మీరు రోజూ చూసేదే. మనుషుల రవాణాకి నాలుగొందల పేజీలు, సరుకుకి పదకొండు పేజీలు ఉన్న నివేదికలు నేనే రాయించాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

*

ప్రశ్న: నాయనా, నాకు డెబ్బై రెండేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి అవతలికి దాటాలంటే పావుగంట నిలబడ్డాను. చివరికి ఎవరో కాలేజీ పిల్ల చెయ్యి పట్టుకుని దాటించింది. మీ ప్లాన్లో రోడ్డు దాటడం ఉందా?
– ఒక అమ్మమ్మ గారు, సరూర్‌నగర్

ఉండాలమ్మా, కానీ చాలావరకు ఉండదు. ఎందుకో చెప్తాను. ప్లాన్ వేసేటప్పుడు ఊరిని కొన్ని వందల జోన్లుగా కోస్తాం. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కి వెళ్ళే ప్రయాణాలనే కంప్యూటర్ రోడ్ల మీద పోస్తుంది. మీరు బస్సు దిగి అవతలి పక్క మందుల షాపుకి వెళ్ళడం అదే జోన్‌లో జరిగిపోతుంది, కాబట్టి ఆ లెక్కలో మీరు రోడ్డు మీదకే రాలేదు. బస్సులో వచ్చినంతసేపూ ఉన్నారు, దిగగానే మాయమైపోయారు.

తర్వాత సిగ్నల్. మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని పెట్టుకుని సమయం ఇవ్వడం మామూలు. ఎనభై అడుగుల రోడ్డంటే దాదాపు 24 మీటర్లు, ఇరవై సెకన్లు చాలంటారు. మోకాళ్ళ నొప్పితో, చేతిలో సంచితో మీరు సెకనుకి 0.8 మీటరు నడిచినా ముప్ఫై సెకన్లు కావాలి. పది సెకన్లు తక్కువ పడ్డప్పుడు మీరు ఎక్కడుంటారంటే మూడో వంతు రోడ్డు ఇంకా మిగిలి ఉండగా, బస్సులన్నీ ఒక్కసారి హారన్ కొడుతుండగా. పాదచారుల వంతెన కట్టాం కదా అంటారు, నలభై మెట్లెక్కి నలభై దిగడానికి ఎవరైనా మిమ్మల్ని అడిగారా?

మీరు రాసిన ఉత్తరంలో ఒకటే తక్కువైంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ బస్టాప్ ఎదురుగా అన్నది. మనవడి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది, ఈసారి అటు వెళ్ళినప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్ళి మీరు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలిపించి రాసి పంపండి. నేను కూడా అదే టైముకి వెళ్ళి అక్కడ గంటసేపు నిలబడి ఎంతమంది దాటారో, ఎంతమంది మధ్యలో ఆగిపోయారో లెక్కపెట్టుకొస్తాను. రెండూ కలిపి వచ్చే సంచికలో ఇక్కడే వేద్దాం.